కల్లంలో అప్ప

అప్ప పోయిందని నాకు శుక్రవారం సంతలో తెలిసింది. అడ్డాకుల కట్ట బేరమాడుతుంటే, ఆకులమ్మే ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, నువ్వు కాఫీ కంపెనీ ఆఫీసులో పిల్లవి కదా అనడిగింది. అవునన్నాను. కల్లం అప్ప పోయి పన్నెండు రోజులైందనీ, జ్వరం ఒకసారి తగ్గి తిరగబెట్టిందనీ, జీపులో ఆసుపత్రికి తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయిందనీ చెప్పింది. వాళ్ళిద్దరి ఊళ్ళూ పక్కపక్కనే. నాకు ఎవరో ఒకరు కబురు చెప్పే ఉంటారనుకుందట. ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెబుతారు, నేను ఆమెకేమవుతానని.

ఆమె పేరు ఇక్కడ రాయను. నేనింకా ఆ కంపెనీలోనే పనిచేస్తున్నాను. అదొక కారణం. అసలు ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. మా ఉత్తరాంధ్రలో అక్కను అప్ప అంటారు. కల్లంలో పనిచేసే ఆడవాళ్ళందరికీ ఆమె అప్ప. తనకంటే పెద్దవాళ్ళకీ అప్పే. మా అమ్మ ఈడుదైనా, నాకూ అప్పే. ఆమెకు నేను గుంటను, అంటే పిల్లను.

మాది శృంగవరపుకోట దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక అరకులో ఈ ఉద్యోగం దొరికితే వచ్చాను. హెచ్.ఆర్. అసిస్టెంటు అని దానికి పేరు. హాజరు రాయడం, సెలవులు చూడటం, పై ఆఫీసు నుంచి ఇంగ్లీషులో వచ్చే కాగితాలను పనివాళ్ళకు తెలుగులో చెప్పడం నా పని. కొండల మీద రైతులు కోసి తెచ్చే ఎర్రటి కాఫీ పళ్ళను మా దగ్గర తొక్క తీసి, కడిగి, లోపలి గింజను పది పన్నెండు రోజులు ఎండలో ఆరబెడతారు. అలా ఆరబెట్టే సిమెంటు కల్లం మా ఆఫీసు కిటికీకి ఎదురుగా ఉంటుంది.

చేరిన రెండోరోజు హాజరు పుస్తకం పట్టుకుని ఆ కల్లంలోకి నడిచాను. వెనకనుంచి ఎవరో కర్రతో నా మడమ మీద మెల్లగా తట్టారు. తిరిగి చూస్తే సన్నగా, పొడుగ్గా ఒక మనిషి. ముక్కుకి మూడు పోగులు. చీర మోకాళ్ళదాకా ఎగగట్టి ఉంది. చేతిలో గింజలు తిరగేసే చెక్కపలక కర్ర.

"జోళ్ళిప్పీ గుంటా. ఇది తినే వస్తువ," అంది.

ఇప్పాను. దగ్గరికొచ్చి వాసన చూసి, ముఖానికి ఏదో రాసుకున్నావు, ఆ వాసన గింజకి పడుతుంది, రాసుకుంటే ఇటు రాకు, ఇటు రావాలంటే రాసుకోకు అని చెప్పి వెళ్ళిపోయింది. అప్పటినుంచి పనిరోజుల్లో పౌడరు రాసుకోవడం మానేశాను. ఇప్పటికీ రాసుకోను.

వాసన విషయంలో తనకు తానుగా పెట్టుకున్న నియమం అంతకంటే కఠినం. చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటుందామెకి. అది కాల్చాలంటే కంచె దాటి, సిల్వర్ ఓకు చెట్లు కూడా దాటి, గాలి కల్లం మీదికి రాని వైపు వెళ్ళి కూర్చునేది. తిరిగొచ్చేటప్పుడు నోరు పుక్కిలించి, చేతులు మట్టితో రుద్ది కడుక్కుని, చెంగు రెండుసార్లు దులుపుకునేది. అంత చేశాక కూడా కాసేపు అంచున నిలబడి, అప్పుడు లోపలికొచ్చేది. గింజల మధ్య ఆమె నడిచే తీరు కూడా వేరు. పాదం ఎత్తి వేసేది కాదు. నేలకి రాసుకుంటూ పక్కకి జరిపేది. అలా నడిస్తే గింజ పక్కకి తప్పుకుంటుందట, ఎత్తి వేస్తే నలిగి చచ్చిపోతుందట.

గింజ ఎండిందో లేదో చెప్పడం ఆమె చేసిన అసలైన పని. అది ఏ కాగితంలోనూ ఆమె పనిగా రాసి లేదు. వరస మధ్యనుంచి ఒక గింజ తీసేది. బొటనవేలి గోటితో పై పొట్టు ఒలిచి, ఎడమ దవడ పళ్ళ మధ్య పెట్టి, కళ్ళు మూసుకుని కొరికేది. తడి ఉంటే "ఇంకా ఏడస్తన్నాది" అనేది. ఎండితే "ఊరుకున్నాది" అనేది. ఒక్కోసారి కొరికిన గింజను అరచేతిలో పెట్టుకుని, రేపు మధ్యాహ్నానికి ఊరుకుంటుందని చెప్పేది. మా ల్యాబులో తేమ చూసే మిషనుంది. మొదట్లో ల్యాబు ఆయన మిషను పెట్టి చూసి, ఆ తర్వాత ఆమెను అడిగి, రెండూ ఒకటే అయితే నవ్వుకునేవాడు. కొన్నాళ్ళకి ముందు ఆమెనే అడగడం మొదలుపెట్టాడు.

వాన సంగతీ అంతే. మేం ఫోన్లలో చూసుకుంటుంటే, ఆమె గాలికొండ వైపు ఒకసారి తలెత్తి చూసి, "బేగి కప్పండి" అనేది. గొంతు పెంచేది కాదు. ఆ మాట వినగానే ఆడవాళ్ళందరూ చేతిలో పని వదిలేసి పరదాల వైపు పరిగెత్తేవాళ్ళు. ఉదయం హాజరు పిలుస్తూ ఒక్కొక్కరి నంబరు చదువుతుంటే అందరూ "ఎస్ మేడమ్" అనేవాళ్ళు. పంతొమ్మిది అని నేను చదివితే ఆమె "ఉన్నాను" అనేది. ఎస్ మేడమ్ అనమని ఒకరిద్దరు నేర్పబోయారు. ఉన్నాను కదా, ఉన్నాననే చెబుతాను అనేసింది.

ఒకసారి కంపెనీ పెద్దాయన విదేశీ అతిథులను వెంటబెట్టుకుని వచ్చాడు. బూట్లతోనే కల్లంలోకి రాబోతుంటే ఆమె కర్ర అడ్డంగా పట్టుకుని నిలబడింది. మా మేనేజరు ఆయన వెనకనుంచి వద్దు వద్దని సైగలు చేస్తున్నాడు. ఆమె అటు చూడనేలేదు. నాకు చెప్పిన గొంతుతోనే, "జోళ్ళిప్పండి బాబూ, ఇది తినే వస్తువ," అంది. ఆయన పెద్దగా నవ్వి బూట్లూ మేజోళ్ళూ ఇప్పాడు. అతిథులూ ఇప్పారు. మిట్టమధ్యాహ్నం కాగిన సిమెంటు మీద అందరూ గెంతుకుంటూ నడిచారు. ఆయనకి ఆ ముచ్చట ఎంత నచ్చిందో, ఆమె భుజం మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకున్నాడు. ఈవిడే మన కంపెనీ అని ఇంగ్లీషులో అతిథులతో అన్నాడు. నేను తెలుగులో చెబితే ఆమె అయోమయంగా చూసి, కంపెనీ ఆయనది కదా, నాదెలాగవుతుంది అని నన్నే అడిగి, వరస తిరగేయడానికి వెళ్ళిపోయింది. ఆ రోజే వీడియో వాళ్ళు ఆమె గింజలు తిరగేయడం, కొరికి చూడటం, పరదా కప్పడం అంతా తీసుకున్నారు.

తర్వాత రెండేళ్ళకు ఆరబెట్టే యంత్రాలొచ్చాయి. వాటి వెనకే పై ఆఫీసు నుంచి పదిమంది పేర్లతో ఉత్తరాలొచ్చాయి. ఉత్తరాలతో పాటు నాకొక పేజీ వేరే పంపారు. వాళ్ళతో ఎలా మాట్లాడాలో అందులో ఉంది. తీసేశాం అన్న మాట వాడకూడదు. పోస్టు రద్దయింది అనాలి. క్షమించమని అనకూడదు, అంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలకు మించకూడదు. ఐడీ కార్డు, ఏప్రాను ముందే తీసుకోవాలి. ఎవరైనా ఏడిస్తే మంచినీళ్ళివ్వాలి. నీళ్ళసీసాలు కూడా వాళ్ళే కొనిపించారు.

అప్ప ఏడో మనిషి. కుర్చీ అంచున కూర్చుంది. కార్డు అడిగితే మెడలోంచి తీసి ఇచ్చింది. ఏప్రాను విప్పి, మడత పెట్టి, నా బల్లమీద పెట్టింది. నేను ఉత్తరం చదివి తెలుగులో చెప్పాను.

"నావల్ల ఏటైనా తప్పు జరిగినాదా గుంటా?" అంది.

తప్పేం లేదప్పా, పోస్టు లేదు, అంతే అన్నాను.

"కల్లం తీసేత్తన్నారా?"

లేదన్నాను.

"గింజలు రావా?"

వస్తాయన్నాను.

"గింజలొత్తాయి, కల్లముంటాది. మరి పోస్టు నేకపోడమేటి?"

నాకు పంపిన పేజీలో ఆ ప్రశ్నకి జవాబు లేదు. వేలిముద్ర వేయించుకున్నాను. నీళ్ళసీసా ఆమె వైపు జరిపాను. ఆమె ఏడవలేదు, సీసా ముట్టుకోలేదు. లేచి వెళ్ళింది.

కాసేపటికి కిటికీలోంచి చూస్తే ఆమె కల్లం వైపు వెళ్ళబోతోంది. గాలికొండ మీద మబ్బు పట్టింది. సెక్యూరిటీ ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. జాబితాలో పేరు కొట్టేశారు కనుక లోపలికి వెళ్ళకూడదన్నాడు. ఆమె కాదనలేదు. గేటు బయట నిలబడి, అక్కడినుంచే చెయ్యి చాపి, ఏ వరస ముందు కప్పాలో, ఏ మూల పరదా చిరిగి ఉందో, ఆ చోట రెండోది ఎలా వెయ్యాలో ఆయనకే చెప్పింది. ఆయన పాపం విజిల్ వేసి ఎవరినో పిలిచాడు. కప్పడం పూర్తయ్యేదాకా ఆమె వానలోనే నిలబడి, అప్పుడు రోడ్డెక్కింది.

యంత్రాల్లో ఆరిన సరుకు ఆ ఏడాది సరిగా రాలేదు. బూజు వాసన వస్తోందని కొన్నవాళ్ళు వెనక్కి పంపారు. మళ్ళీ పళ్ళ కాలం దగ్గర పడుతుండగా మేనేజరు నన్ను పిలిచి, ఆ ముసలావిడను తీసుకురా అన్నాడు. ఎలాగంటే, కంపెనీ మనిషిగా కాదు, లేబరు కాంట్రాక్టరు కింద కొత్త మనిషిగా. పాత సర్వీసుతో ఈ ఉద్యోగానికి సంబంధం లేదని ఆమె వేలిముద్ర వెయ్యాలి. నువ్వెళితేనే వస్తుంది అని కూడా అన్నాడు. ఆ మాటకి నేను లోలోపల పొంగిపోయాను. అది దాచను.

జీపు దిగి గెడ్డ, అంటే వాగు, దాటి కొండెక్కితే ఆమె ఊరు. వాకిట్లో ఎండిన రాజ్మా కాయలు కర్రతో కొడుతోంది. నన్ను చూసి కర్ర పక్కన పెట్టి, కూర్చోమంది. వచ్చిన పని చెప్పాను.

"పోస్టొచ్చినాదా?" అంది.

వచ్చిందప్పా అన్నాను.

"ఇన్నాళ్ళూ ఏటెల్లినాదట?"

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. నేను నవ్వేశాను. కొత్త షరతులన్నీ చెప్పాను. అన్నీ విని, నా నంబరు నాకిస్తారా అని మాత్రం అడిగింది. ఇస్తారన్నాను. ఇవ్వరని నాకు తెలుసు. పాత నంబరు కంప్యూటర్లో మూసేశారు, మూసింది నేనే. పెళ్ళై పక్క ఇంట్లోనే ఉంటున్న కూతురు గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటోంది. వెళ్ళొద్దమ్మా, మళ్ళీ తీసేస్తారు అంది. అప్ప కూతురి వైపు కాదు, నా కాళ్ళ వైపు చూసింది. గెడ్డ దాటడంలో నా జోడు ఒకటి తెగిపోయి, దాన్ని చేతిలో పట్టుకుని వచ్చాను.

"ఇంత దూరం నడిచొచ్చినాది కదా గుంట," అంది.

అలా ఆమె వచ్చింది.

కొత్తగా చేరినవాళ్ళందరికీ రెండు రోజుల శిక్షణ ఉండాలని నియమం. అప్పకి మినహాయింపు అడిగితే, రికార్డులో ఆమె కొత్త మనిషి కనుక కుదరదన్నారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ అమ్మాయిలతో పాటు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మెడలో కాంట్రాక్టరిచ్చిన కొత్త కార్డు. దాని మీద నంబరు చాలా పొడుగు. ఆమె దాన్ని ఒకసారి నాకు చూపించి, ఇదేటి ఫోను నంబరా అంది. అంతకు మించి నన్నేమీ అనలేదు.

శిక్షణ ఇచ్చే అమ్మాయిది డుంబ్రిగూడ. ఇంటర్ అయ్యాక కల్లంలో చేరి, అప్ప దగ్గరే పని నేర్చుకుని, తర్వాత డిగ్రీ చదివి సూపర్‌వైజరైంది. ఆ పిల్ల తల వంచుకునే లైట్లార్పి వీడియో పెట్టింది. గోడ మీద రెండు చేతులు కనిపించాయి. గింజలు తిరగేసే చేతులు. బొటనవేలి గోటితో పొట్టు ఒలిచే చేతులు. ముఖం లేదు. చేతుల వరకే ఉంచారు. ఇలా చేయాలి, ఇలా చేయకూడదు అని వెనక ఎవరిదో గొంతు చెబుతోంది. హాజరు తీసుకోవడానికి వెళ్ళిన నేను తలుపు దగ్గర నిలబడిపోయాను.

అప్ప ముందుకి వంగి శ్రద్ధగా చూసింది. చివరిదాకా చూసి, పక్కనున్న అమ్మాయితో మెల్లగా, "ఆ సేతులు నాయే," అంది. ఆ అమ్మాయి నమ్మలేదు. ముసిముసిగా నవ్వింది. అప్ప తన చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని, వాటివైపు చూసుకుంటూ కూర్చుంది.

శిక్షణ అయ్యాక చిన్న పరీక్ష. చదవడం రానివాళ్ళకి ప్రశ్నలు నేను చదివి, జవాబు గుర్తు పెట్టాలి. గింజ ఎండిందని ఎలా తెలుసుకుంటారు అన్నది ఒక ప్రశ్న. కొరికి అంది. అది తప్పు జవాబు. మిషను పెట్టి అనాలి. నోటితో ముట్టుకోవడం పరిశుభ్రత కాదని కొత్త నియమం. చెబితే, మరి నన్నెందుకు పిలిచినట్టు అంది. నేను సరైన జవాబు దగ్గర గుర్తు పెట్టేశాను. శిక్షణ పొందినట్టు వేలిముద్ర వేసింది. తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడు కొరకవద్దనీ, మిగతా రోజుల్లో కొరకమనీ మేనేజరు ఆమెకి విడిగా చెప్పాడు.

ఆ కాలమంతా ఆమె పనిచేసింది. యంత్రాలను పక్కన పెట్టి, సరుకంతా మళ్ళీ ఎండలోనే ఆరబెట్టారు. ఉదయం అందరికంటే ముందొచ్చేది. గెడ్డ దాటి, కొండ దిగి, షేర్ జీపు పట్టుకుని రావాలంటే ఎప్పుడు లేచేదో. చోడంబలి, అంటే రాగి అంబలి, నింపిన డబ్బా గోడవార పెట్టి, పరదాలు తీయించేది. ఆ ఏడు సరుకు బాగుందని ఎక్కడినుంచో మెచ్చుకుంటూ మెయిలొచ్చింది. మేనేజరు దాన్ని ప్రింటు తీసి నోటీసు బోర్డుకి పెట్టించాడు. అందులో ఏముందని అప్ప అడిగితే చెప్పాను. విని పనిలోకి వెళ్ళిపోయింది. తర్వాత దగ్గు మొదలైంది. దగ్గొచ్చినప్పుడల్లా కల్లం అంచుకి వెళ్ళి, గింజలకి వీపు తిప్పి దగ్గేది.

ఆఖరి గింజలు గోదాముకి చేరిన వారానికే, ఒకరోజు ఉదయం గేటు దగ్గర కొత్త జాబితా పెట్టారు. కాంట్రాక్టు గడువు అయిపోయింది. ఈసారి ఉత్తరాల్లేవు, నీళ్ళసీసాల్లేవు. జాబితాలో పేరున్నవాళ్ళు లోపలికొచ్చారు. లేనివాళ్ళు కాసేపు గొణిగి వెళ్ళిపోయారు. అప్ప మాత్రం వెళ్ళలేదు. పేరు రాయడం మరిచిపోయుంటారని అనుకుందట. ఎవరో ఒకరు చూసి పిలుస్తారని అంబలి డబ్బా చేత్తో పట్టుకుని గేటు పక్కన నిలబడింది.

కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. అది కాంట్రాక్టరుకీ ఆమెకీ మధ్య విషయం, మనం వెళ్ళి మాట్లాడితే మన మెడకి చుట్టుకుంటుంది, నువ్వు బయటికెళ్ళకు అన్నాడు. కాంట్రాక్టరు మనిషికి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. వచ్చి కుర్చీలో కూర్చున్నాను. హాజరు ఎక్కించాను. పది గంటలప్పుడు తలెత్తి చూస్తే ఉంది. పదకొండు గంటలప్పుడు ఉంది. అరవై అడుగుల దూరం కూడా ఉండదు. ఆమె ఆఫీసు వైపు చూడలేదు. కల్లం వైపే చూస్తూ నిలబడింది. కల్లంలో అప్పుడు గింజ ఒక్కటి లేదు. కడిగేసిన ఖాళీ సిమెంటు. మిట్టమధ్యాహ్నం దాటాక ఇంకోసారి చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు.

నేను వెళ్ళి ఆమెను కలవడానికి నాలుగు నెలలు పట్టింది. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ గడిపాను. చివరికి ఒక ఆదివారం గెడ్డ దాటాను. వాకిట్లో చాప మీద కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. తమ కొండవార మొక్కల్లో ఇంటికని ఉంచుకున్నవట, చెమ్మ పట్టకుండా మళ్ళీ ఎండకి వేశారట. జోళ్ళు దూరంగానే ఇప్పాను. ఆమె బాగా చిక్కిపోయింది. గోడకి చేరగిలబడి, చాప దగ్గర కూర్చున్న కూతురికి చెబుతోంది. ఆ గింజ కాదు, మధ్యలోది తియ్యి. కూతురు పొట్టు ఒలిచి, కళ్ళు మూసుకుని కొరికింది. ఇంకా ఏడుస్తోందమ్మా అంది. అప్ప చెయ్యి చాపి మిగిలిన ముక్క తీసుకుని, తనూ కొరికి, అవునని తలూపింది.

నాకు అంబలి ఇచ్చారు. తాగుతూ, ఏదో ఒకటి చెప్పాలని మొదలుపెట్టాను. నా చేతిలో ఏమీ లేదనీ, పై నుంచి వచ్చిన పనే అదనీ. అప్ప మధ్యలోనే ఆపింది. నీ చేతిలో ఏముంది గుంటా, నువ్వూ వాళ్ళ కింద పనిచేసేదానివే కదా అంది. నాకు ప్రాణం తేలికపడింది. అప్పుడు అడిగింది.

"ఆ పొద్దు నువ్వు కిటికీలోంచి సూసినావు కదా?"

చూశానన్నాను.

"ఒకపాలి బయటికొచ్చి, నీ పేరు నేదు, ఎల్లిపో అప్పా అన్నుంటే బేగి ఎల్లిపోదును. నీతో తగువాడతానా? సెప్పేవోలు నేక నిలబడిపోనాను."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. కూతురు లేచి లోపలికి వెళ్ళిపోయింది. అప్పే మాట మార్చింది. కూతురికి పని నేర్పుతున్నానంది. తన గింజలకి, ఊళ్ళోవాళ్ళ గింజలకి పనికొస్తుందట.

"ఆల కాడికి మాత్రం దీన్ని పిలవకు గుంటా. నువ్వొచ్చి పిలిత్తే ఇదీ వొచ్చెత్తాది," అంది.

పిలవనన్నాను. వచ్చేటప్పుడు వాకిలి చివరిదాకా వచ్చి నిలబడింది. అదే ఆఖరిసారి. ఆ వానల్లోనే జ్వరమొచ్చింది.

సంతలో కబురు తెలిశాక ఆ ఇంటికి వెళ్ళాలని ఉంది. ఇప్పటికీ వెళ్ళలేదు. కూతురి ముఖం చూడలేక అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. డుంబ్రిగూడ అమ్మాయికి ఒక్కదానికే చెప్పాను. ఆ పిల్ల వెంటనే మరుగుదొడ్డిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చాలాసేపు కుళాయి నీళ్ళ చప్పుడు వినిపించింది.

మొన్న పై ఆఫీసు నుంచి ఒకతను ఫోను చేశాడు. మళ్ళీ పళ్ళ కాలం వస్తోంది. మునుపు చేసినవాళ్ళలో ఎవరెవరిని మళ్ళీ తీసుకోవాలో జాబితా తయారైందట. ఒక్కో పేరూ చదువుతాడు, వస్తారో రారో నేను చెప్పాలి. మొదటి పేరు అప్పది. ఆ పేరు ఎవరో పైకి చదవగా వినడం నాకు అదే మొదటిసారి.

ఆమె చనిపోయింది అన్నాను.

అయ్యో అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నట్టున్నాడు. తర్వాత, కంప్యూటర్లో అలా రాయడానికి వీల్లేదనీ, ఆసక్తి లేదు, అందుబాటులో లేరు అని రెండే ఉన్నాయనీ, ఏది పెట్టమంటారనీ అడిగాడు. మీ ఇష్టం అన్నాను. మీటల చప్పుడు వినిపించింది.

"ఆవిడ ఇంట్లో ఆ పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా మేడమ్? కూతురో, కోడలో?"

మర్యాదగానే అడిగాడు. గొంతు విని, ఇరవై మూడు, ఇరవై నాలుగు ఉంటాయేమో అనుకున్నాను. నేను ఇక్కడ చేరినప్పటి వయసు.

"లేరు," అన్నాను.

"ఒకసారి వెళ్ళి కనుక్కుంటారా?"

"వెళ్ళాను. ఎవరూ లేరు."

అతను థాంక్యూ మేడమ్ అని, రెండో పేరు చదివాడు.